గుండ్రం పట్టాల మీద అమ్మ

పోయిన నెల ఫిల్మ్ నగర్‌కి వెళ్లాల్సి వచ్చింది. నా పుస్తకం గురించి నాలుగు మాటలు చెబితే వీడియో తీసి పెడతామని ఎవరో పిల్లలు పిలిచారు. ఈ వయసులో నాకీ ముస్తాబులేమిటని మొదట విసుక్కున్నాను గానీ, రావలసిన చోటు పేరు వినగానే మెత్తబడ్డాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటేసరికే ఆటో అతను దారిన పోయే కార్లవాళ్లను తిట్టాడు, వాళ్ల చేత తిట్లూ తిన్నాడు. ఆఫీసు ఒక అద్దాల మేడలో ఉంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కుర్రాడు చిన్న కెమెరాని కర్రలాంటి పరికరానికి తగిలించి, నా చుట్టూ మెత్తగా అడుగులేస్తూ తిరగడం మొదలుపెట్టాడు. "పట్టాలు వేయరా బాబూ?" అని అడిగాను. "పట్టాలా? మనకి అవన్నీ ఎందుకు మేడమ్, ఇది పట్టుకుని నడిస్తే చాలు, షేక్ అసలు ఉండదు. పెద్ద సినిమాలకైతే వేస్తారనుకోండి, అవి కూడా రెడీమేడ్ దొరుకుతాయి" అన్నాడు.

ఆ గది మూలలో వంపు తిరిగిన పాత ఇనప పట్టా ముక్కొకటి నిలబెట్టి ఉంది. దానికి బంగారు రంగు పూసి, పూలకుండీలు వేలాడదీశారు. సినిమా వాతావరణం కోసమట. వీడియో పని అయ్యాక నేను లేచి వెళ్లి, దాని లోపలి వంపు మీద అరచేయి వేసి పైనుంచి కిందదాకా రాశాను. ఎక్కడా ముడత లేదు, నొక్కు లేదు. అది నాన్న చేతి పనో, మరొకరిదో చెప్పలేను. ఎవరూ పేరు చెక్కుకునే పని కాదది. కానీ నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు కంగారుపడి మంచినీళ్ల సీసా తెచ్చి చేతికిచ్చారు. నీరసం వచ్చిందనుకున్నారు పాపం. ఇంత కథ వాళ్లకి నిలబడి ఏం చెప్పను? ఇక్కడ కూర్చుని మీకు చెబుతున్నాను.

మా నాన్న ఇనుము వంచేవారు. బళ్లో "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే నేను చెప్పే జవాబు అదే. అంతకంటే గొప్పగా చెప్పడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెనాలి పక్క నుంచి వచ్చిన కుటుంబం మాది. నాన్న మొదట్లో జూబ్లీహిల్స్‌లో కొత్తగా లేస్తున్న బంగళాలకు గేట్లు, కిటికీ ఊచలు చేసేవారు. అప్పుడు ఆ కొండంతా బండరాళ్లే. మధ్యాహ్నం పూట రాళ్లు పేల్చిన చప్పుడు యూసుఫ్‌గూడలో మా వంటింటిదాకా వినపడేది. తర్వాత ఒక స్టూడియో వాళ్లు కెమెరా బండి నడిచే పట్టాలు చేసివ్వమన్నారు. తిన్నని పట్టాలు ఎవరైనా చేస్తారు, పైపు కోసి అతకడమే కదా. కెమెరా మనిషి చుట్టూ తిరగాలంటే మాత్రం పట్టాలు గుండ్రంగా ఉండాలి, అదీ ఎక్కడా కుదుపు లేకుండా. ఆ గుండ్రం నాన్న చేతిలో బాగా కుదిరింది. ఒకరు చెప్పి ఇంకొకరు రావడం మొదలుపెట్టారు. మా ఇంటి వెనకున్న రేకుల షెడ్డులో తయారైన పట్టాలు టెంపో ఎక్కి ఫిల్మ్ నగర్ గుట్ట మీదికి వెళుతుంటే, సినిమాలో మా వాళ్లెవరో వేషం వేస్తున్నంత గర్వంగా ఉండేది నాకు.

షెడ్డు మధ్యలో రోలర్ మిషన్ ఉండేది. పేరు ఘనమే గానీ, చూడ్డానికి చెరకు రసం బండికి దగ్గరి చుట్టంలా ఉండేది. కింద రెండు రోలర్లు, పైన ఒకటి, మూడింటికీ పైపు కూర్చునేలా గాడి. పైపుని మధ్యలోకి పోనిచ్చి పక్కనున్న పెద్ద చక్రం తిప్పితే అది ఇటు నుంచి అటు వెళ్లేది. పై రోలరు మరను ఒక్క పిసరు బిగించి మళ్లీ అటు నుంచి ఇటు. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తిప్పగా తిప్పగా పైపు కొస కొంచెం తల ఎత్తుతుంది. తొందరపడి ఒకేసారి బిగిస్తే లోపలి వైపు ముడత పడుతుంది, ఇక అది పాత ఇనప సామాన్ల పాలే. ఇంకో చిక్కు ఏమిటంటే, వంచి వదిలిన ఇనుము వంచినంతా వంగి ఉండదు, కాస్త వెనక్కి వస్తుంది. నాన్న దానికి 'అలక' అని పేరు పెట్టారు. "అలక తీరాలంటే కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే బుజ్జగించాలి" అనేవారు, అమ్మ వైపు చూస్తూ. అమ్మ వినపడనట్టు చింతపండు పిసుక్కుంటూ కూర్చునేది.

ఎంత ఎక్కువ అనేది చెప్పడానికి నాన్న దగ్గర సూత్రమేమీ లేదు. రోలర్లలోంచి బయటికొస్తున్న పైపు మీద కుడి అరచేయి వేసి ఉంచేవారు. ఆ చేతికి తెలిసేది. తర్వాత ఫర్మా పెట్టి సరిచూసుకునేవారు. ఫర్మా అంటే కావలసిన వంపుకి కత్తిరించి పెట్టుకున్న రేకు. గుండ్రానికి పట్టాలు రెండు కదా, బయటి పట్టాకి ఒక ఫర్మా, లోపలి పట్టాకి ఒక ఫర్మా ఉండేవి. లోపలిది చిన్న గుండ్రం కాబట్టి దాని వంపు ఎక్కువ. పక్కపక్కన పెడితే తప్ప ఆ తేడా కొత్తవాళ్లకి తెలిసేది కాదు. గుండ్రాన్ని ఒకే ముక్కగా మోసుకెళ్లలేరు గనక ముక్కలు ముక్కలుగా చుట్టి, స్టూడియోలో కలుపుకునేలా చేసేవారు. ఏ ఒక్క ముక్క మాట వినకపోయినా బండి అక్కడ తడబడుతుంది, తెర మీద బొమ్మ ఉలిక్కిపడుతుంది.

గేట్ల మీది చిన్న చిన్న మెలికలకి రోలరు పనికిరాదు. పైపులో ఇసుక దట్టించి, రెండు కొసల్లో చెక్క బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పుట్టి బిరడా ఎగిరి ఎవరి నుదుటికో తగులుతుంది. అందుకని ఆ ఇసుకని జల్లించి మా డాబా మీద ఎండబోసేవారు. అమ్మ మిరపకాయలు, గుమ్మడి వడియాలు పెట్టేదీ ఆ డాబా మీదే. ఎండాకాలం వచ్చిందంటే ఆ ఇద్దరికీ సరిహద్దు తగాదాలు. అమ్మ పిండి జల్లెడ కనపడకపోతే షెడ్డులో వెతకమని నన్ను పంపేది. అక్కడే ఉండేది, నిండా ఇసుకతో. "ఈ ఇంట్లో రొట్టె కొరికితే కరకరమనేది ఎందుకో ఇప్పుడు తెలిసిందా?" అని అమ్మ ఊరందరికీ వినపడేలా అడిగేది. నాన్న సాయంత్రం పని ముగించాక మొదట కిరసనాయిలుతో, తర్వాత శనగపిండితో, ఆఖర్న సబ్బుతో చేతులు కడుక్కునేవారు. ఎన్ని కడిగినా ఇనుము వాసన ఆ చేతుల్ని వదిలేది కాదు. ఆ చేత్తోనే నాకు పెరుగన్నం ముద్దలు కలిపి పెట్టేవారు. పెరుగన్నానికి వేరే వాసన ఉంటుందని పెళ్లయ్యాకే నాకు తెలిసింది.

షెడ్డులో నాన్నకి తోడు యాదగిరి బాబాయ్. ఆయనది యూసుఫ్‌గూడే, తాతల నాటి నుంచీ. వెల్డింగ్ ఆయన పని, రోలరు చక్రం తిప్పేదీ ఆయనే. మనిషి బక్కగా ఉన్నా భుజాల్లో ఉక్కు ఉండేది. నోట్లో మాట దాగేది కాదు. అమ్మ కూరలో ఉప్పు ఎక్కువైతే నాన్న మజ్జిగ కలుపుకుని కడుపు నింపుకునేవారు. యాదగిరి బాబాయ్ మాత్రం "వదినా, గింత ఉప్పు ఏందమ్మా, సముద్రం మీ ఊరి కాడ్నే ఉన్నదని యాదికి తెస్తున్నవా?" అని మొహం మీదే అనేవాడు. అమ్మకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చేవి. కానీ పండగపూట మొదటి గారె ఆయన పళ్లెంలోనే పడేది.

మా షెడ్డుకొక ఆచారం ఉండేది. ఏ గుండ్రం తయారైనా, అడ్డకమ్మీలు వెల్డింగ్ చేసి బిగించేముందు, పట్టాలని వెనక దొడ్లో చెక్కల మీద పరిచి మేకులతో కలిపేవారు. దాని మీద కెమెరా బండి పెట్టి, అమ్మని కూర్చోబెట్టేవారు. అమ్మ ఒళ్లో అంచుదాకా నీళ్లు నింపిన ఇత్తడి చెంబు. నాన్న వెనక నిలబడి మెల్లగా బండి తోసేవారు. గుండ్రమంతా తిరిగి వచ్చేసరికి చుక్క తొణక్కపోతే పట్టాలు ఫిల్మ్ నగర్ కొండెక్కవచ్చు. తొణికితే ఆ చోటు చూసి సరిచేయాలి. ఇది ఎలా మొదలైందని అడిగితే, కెమెరా బరువూ కెమెరామేన్ బరువూ కలిపితే ఎంతో అమ్మ ఒక్కతే అంత ఉండేదని నాన్న అనేవారు. అమ్మ ఒప్పుకునేది కాదు. "నేను కూర్చుంటే గానీ మీ నాన్నకి ధైర్యం చాలదే" అనేది. ఆ రోజు అమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలలో పువ్వు పెట్టుకుని, దండెం మీద బట్టలన్నీ తీయించి, దండెం కూడా విప్పించి, రాణిగారు ఊరేగింపుకి వచ్చినట్టు వచ్చి కూర్చునేది. వెన్ను నిటారుగా, చూపు చెంబు మీద. ఈగ వాలినా కదిలేది కాదు. "ఇక్కడ చిన్నగా జర్కు ఉందండీ" అని అమ్మ వేలు పెట్టి చూపిస్తే, నాన్న మారు మాట్లాడకుండా ఆ ముక్క విప్పేవారు.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో నాన్నకి జబ్బు చేసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకోబోతే చేయి లేవలేదు, నోరు పక్కకి పోయింది. పక్షవాతం తేలికగానే వచ్చి వెళ్లిందన్నారు ఆసుపత్రిలో. కాలు సర్దుకుంది, మాట సర్దుకుంది. కుడి అరచేయి మాత్రం మొద్దుబారిపోయింది. వేడి గ్లాసు పట్టుకున్నా తెలిసేది కాదు. రాత్రిపూట మందులు, మధ్యాహ్నం మందులు, వాటితో వచ్చే మత్తు. షెడ్డుకి తాళం వేసి ఉన్న ఆ రోజుల్లో నాన్న వరండాలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఏం అడిగినా "ఊ" అనడమే. తిండి మీద ధ్యాస లేదు, పేపరు చదవమన్నా వద్దనేవారు. మోతీనగర్‌లో గ్రిల్ పని చేసే ఆయనొకరు, మంచివాడే, రోలర్ మిషన్ ఇచ్చేస్తే తీసుకుంటానని కబురు పెట్టాడు. అమ్మ ఆ కబురు విని ఆ పూట అన్నం తినలేదు. మిషన్ పోతుందని కాదు ఆమె దిగులు. మిషన్ వెళ్లిపోయిన రోజున ఈ మనిషి ఆ గోడ వైపు నుంచి ఇటు తిరగడని.

అప్పుడొచ్చాడు ఒక కుర్ర కెమెరామేన్, నాన్న మీద గౌరవమున్నవాడు. పాట చిత్రీకరణకి పెద్ద గుండ్రం కావాలన్నాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు చేస్తానంటే మీకే మాస్టారూ. ఓపిక లేదంటే చెప్పండి, వేరే ఏర్పాటు చూసుకుంటాను. మొహమాటపడకండి" అన్నాడు. నాన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. తర్వాత లేచి కూర్చుని, "చేస్తానండీ" అన్నారు. ఆయన వెళ్లాక అమ్మని పిలిచి చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "రాజ్యం, ఈ ఒక్కటీ చేసి చూస్తాను. బండి తిరిగితే పనిలో ఉంటాను. తిరగకపోతే మిషన్ మోతీనగర్ ఆయనకి ఇచ్చేద్దాం. నువ్వు అడ్డు చెప్పకు." అమ్మ తలాడించింది. మా అందరికీ తెలిసిపోయింది, తిరగాల్సింది బండి ఒక్కటే కాదని.

షెడ్డు తాళం తీశారు. ఆ పని నడిచినన్ని రోజులూ ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు. కుడిచేయి కబురు చెప్పడం మానేసింది గనక, నాన్న అడుగడుక్కీ పైపు బయటికి తీసి ఫర్మా పెట్టి చూసుకునేవారు. బయటి పట్టా ముక్కలన్నీ బాగా వచ్చాయి. లోపలి పట్టా ముక్కలూ చాలావరకు వచ్చాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నం తిని, మాత్ర వేసుకుని, ఒక కునుకు తీసి లేచి, మిగిలిన ముక్కల పని పట్టారు. పొద్దు వాలేలోపు అయిపోయింది. మర్నాడు సాయంత్రం దొడ్లో పరిచారు. అమ్మ తల దువ్వుకుని, చీర మార్చుకుని వచ్చింది. నేను చెంబు నింపి ఒళ్లో పెట్టాను. నాన్న వెనక్కి వెళ్లి బండి మీద చేతులు వేశారు. "జర పైలం వదినా, సూసుకొని కూసో" అన్నాడు యాదగిరి బాబాయ్, ఎప్పుడూ అనని మాట.

బండి బయలుదేరింది. గుండ్రంలో ముప్పాతిక వంతు దాకా చెంబులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను ఊపిరి వదలబోయాను. దొడ్డి మూలనున్న మునగచెట్టు వైపు మలుపులో చక్రం ఎక్కి దిగినట్టయింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నీళ్లు అమ్మ చీర మీద, కాళ్ల మీద పడ్డాయి. నాన్న మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. అప్పుడు అమ్మ నవ్వింది. "అయ్యో, నేనేనండీ! దండెం తలకి తగులుతుందేమోనని వంగాను. నేనే కదిలాను. పట్టాలు బంగారంలా ఉన్నాయి" అంది. దండెం అప్పటికే విప్పి గోడకి చుట్టేసి ఉంది. యాదగిరి బాబాయ్ నోరు తెరిచాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి మళ్లీ మూసుకున్నాడు. నోట్లో మాట దాగని మనిషి మాట మింగడం నేను చూసింది అదొక్కసారే. నాన్న బండి మీంచి చేతులు తీసి, పంపు దగ్గరికి వెళ్లి, చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

ఆ రాత్రి చారన్నం తిన్నాం. చారు బాగుందని కూడా ఎవరూ అనలేదు. అమ్మ ఎందుకలా అందో నాకు తెలుసు. నిజం చెబితే నాన్న మంచం ఎక్కేస్తారు. చెప్పకపోతే పట్టాలు స్టూడియోకి వెళ్లి అందరి ముందూ పరువు తీస్తాయి. మర్నాడు పొద్దున్నే యాదగిరి బాబాయిని పిలిచి గుట్టుగా సరిచేయించాలని అమ్మ ఆలోచన అని తర్వాత ఎప్పుడో చెప్పింది. కానీ ఆమె కంటే ముందే నాన్న లేచారు. కాఫీ వాసనకి నేను వంటింటి గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోయాను. నాన్న పీట మీద కూర్చుని ఉన్నారు, ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని. "నిన్న నువ్వు కదల్లేదు రాజ్యం" అన్నారు.

అమ్మ పాలు పొంగకుండా ఊదుతూ ఉండిపోయింది. "ఇన్నేళ్లలో నువ్వు బండి మీద ఒక్కసారి కదిలావా? తేలు పాకిందని దిగాక చెప్పిన మనిషివి. కుదుపు నా చేతులకి తెలియలేదు. పాడు చేతులు, వాటికేం తెలియడం లేదు. నీళ్లు పడ్డాయి గనక తెలిసింది. నువ్వేమో నేనే కదిలానన్నావు."

"మీరు బాధపడతారని..." అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

"బాధపడితే పడతాను. చెయ్యి పోయింది. మాత్రలేసుకుంటే బుర్ర పనిచెయ్యదు. ఇంక నీ మాట కూడా తప్పితే నాకు కొలత ఏది రాజ్యం?"

అమ్మ పొయ్యి ఆర్పి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పింది. "మునగచెట్టు వైపున్నాయే, ఆఖరి ముక్కలు, వాటి దగ్గరండీ. బయటి పట్టా బాగానే ఉంది. లోపలిది లోపలికి జరిగినట్టుంది. చక్రం ఎక్కి దిగింది." నాన్న గ్లాసు కింద పెట్టి లేచారు. నేనూ వెనకే వెళ్లాను. షెడ్డు గోడకి లోపలి ఫర్మా మేకుకి వేలాడుతోంది. బయటి ఫర్మా మిషన్ మీద ఉంది. మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, మత్తులో లేచి, చేతికి అందిన బయటి ఫర్మాతోనే లోపలి ముక్కలు చుట్టేశారు. అప్పుడే వచ్చిన యాదగిరి బాబాయ్ గడపలోంచి, "నేను నిన్ననే జూసిన అన్నా. చెప్పనియ్యలే వదిన. కండ్లతోనే చంపింది నన్ను" అన్నాడు. నాన్న రెండు ఫర్మాలూ పక్కపక్కన పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆయన నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు, నోరు ఇంకా కాస్త పక్కకే పోతోంది.

"తక్కువే వంగాయి కదరా యాదగిరీ. ఎక్కువ వంచి ఉంటే మళ్లీ తిన్నగా చేయడం మన తరం కాదు. తక్కువ వంగినవాటికేం, ఇంకొంచెం వంచితే పోలా!" అన్నారు. ఆ ముక్కల్ని విప్పి మళ్లీ రోలర్ల మధ్యకి ఎక్కించారు. యాదగిరి బాబాయ్ చక్రం తిప్పుతుంటే నాన్న అలవాటుకొద్దీ కుడిచేయి పైపు మీద వేశారు, ఆగారు, తీసేసి ఎడమచేయి వేశారు. వింటున్నట్టు కళ్లు మూసుకున్నారు. "ఇంకొక్క పిసరు" అన్నారు. లోపలి ఫర్మా పెట్టి చూస్తే రేకుకీ పైపుకీ మధ్య వెలుతురు లేదు. మధ్యాహ్నం మందు వేళ దాటిపోతోందని నేను చెప్పబోతే అమ్మ వారించింది, "ముందు ఇది కానీ" అంది. ముక్కలు బిగించి మళ్లీ పరిచారు. అమ్మ పైకెక్కింది, ఆ పూట తలలో పువ్వు కూడా పెట్టుకోలేదు. బండి మునగచెట్టు వైపుకి వచ్చింది, మలుపు తిరిగింది, దాటింది, బయలుదేరిన చోటికి వచ్చి ఆగింది. నాన్న అమ్మ మొహంలోకి చూశారు, చెంబులోకి కాదు. "వెళ్లొచ్చండీ" అంది అమ్మ.

స్టూడియోలో ఆ పట్టాల మీద కెమెరా తిరుగుతుంటే చూడనిచ్చారు నన్ను. దీపాల వేడి, రంగుల వాసన, ఎవరో అరిచే అరుపులు. అందరూ నాయిక వైపు చూస్తున్నారు. నేను మాత్రం చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ కుర్ర కెమెరామేన్ దిగి వచ్చి నాన్న ఎడమచేయి పట్టుకుని ఊపాడు. మోతీనగర్ ఆయనకి మిషన్ ఇవ్వడం లేదని ఆ సాయంత్రమే కబురు వెళ్లింది. నాన్న మంచాన్ని అమ్మ వరండాలోంచి తీయించి డాబా మీద వేయించింది, వడియాలకి పనికొస్తుందని.

ఆ మేడలో నా చుట్టూ కెమెరాతో తిరిగిన పిల్లవాడి అడుగులు ఎంత మెత్తనివో ఒప్పుకుంటాను. కుదుపుల్ని ఆ పరికరమే మింగేస్తుందట. మంచిదే. భుజాలు పడిపోయేలా ఇనుము మోసినవాళ్లను చూశాను గనక, ఆ బరువు తప్పినందుకు సంతోషమే నాకు. అప్పుడు అంతా గొప్ప, ఇప్పుడు అంతా ఉత్తదని చెప్పే ముసలమ్మల్లో నన్ను కలపకండి. ఒక్క లోటు మాత్రం కనిపిస్తుంది. ఇప్పుడు నేనేం రాసినా బాగుంది మేడమ్ అంటారు, సూపర్ అంటారు, చేతులు జోడించిన బొమ్మలు పంపుతారు. నా మొదటి కథ అచ్చయినప్పుడు అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, వక్క నములుతూ, "బానే ఉంది గానీ, పెళ్లి మాటలొచ్చిన చోట కుదుపు ఉందే" అంది. ఒళ్లు మండిపోయింది నాకు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కథ తీసి చూస్తే, అక్కడే ఉంది కుదుపు. ఆ తర్వాత అమ్మ ఉన్నంతకాలం ఆమెకి వినిపించకుండా ఏదీ బయటికి పంపలేదు. నేను ఈ పాటి రచయితని అయ్యానంటే ఆ వక్క నమిలే నోటి చలవే. ఆమె నన్ను ఎప్పుడూ ఊరికే మెచ్చుకోలేదు. ఎంత అదృష్టవంతురాలినో ఇప్పుడు తెలుస్తోంది.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు ఎడమ అరచేత్తోనే పని నడిపారు. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టి, సెలవులకి వచ్చినప్పుడు కూడా దొడ్లో బండి తిరుగుతూనే ఉండేది. అలా ఒకసారి వచ్చినప్పుడే, అమ్మ గుండ్రమంతా తిరిగి వచ్చి, బండి మీంచి దిగకుండా కూర్చుంది. చెంబులో చుక్క తొణకలేదు. "ఎలా ఉంది?" అని అడిగారు నాన్న, ఎప్పటిలాగే.

"పట్టాలకేం, బాగున్నాయండీ. మీరే అలసిపోయారు. వెనక నుంచి తోస్తుంటే మీ ఊపిరి నాకు వినపడుతోంది. ఇంక చాలు" అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను. ఎన్నో ఏళ్ల కిందట 'ఇంక చాలు' అనే ఆ మాట అనాల్సి రాకూడదనే ఆమె తడిసిన చీరతో అబద్ధం ఆడింది. ఇప్పుడు ఆ మాటే అనేసింది. నాన్న బండి చుట్టూ తిరిగి ముందుకొచ్చారు. తర్వాత "సరే" అన్నారు. అమ్మకి చేయి అందించి కిందికి దించారు. రెండు ఫర్మాలూ గోడ మీంచి తీసి యాదగిరి బాబాయ్ చేతిలో పెట్టి, మిషన్ ఇక నుంచి నీదేనన్నారు. బాబాయ్ వాటిని గుండెకి హత్తుకుని గోల గోలగా ఏడ్చాడు. "ఏందన్నా నువ్వు! గింత పని గిట్ల ఇడిసిపెడ్తవా? రంది లేదా నీకు, ఫికర్ లేదా?"

నాన్న పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ వెనక్కి చూశారు.

"నాకేం ఫికర్ రా? రాజ్యం చెప్పింది కదా."